మూడువేల నూట పద్దెనిమిదో వరుస

రాజోలు తాసిల్దారాఫీసు వెనక గది.
ఫ్యాను తిరుగుతుంది గానీ ఉక్క కదలదు.
పెన్‌డ్రైవులో పెట్టి ఇచ్చారు నాకు
లంకభూముల లెక్క మొత్తం.
ఒకటే ఫైలు, హంగూ రంగూ లేని ఉత్త అక్షరాలు.
వరుసకొక మనిషి,
గడికీ గడికీ మధ్య ఒక నిలువుగీత:
నెంబరు, పేరు, లంక, విస్తీర్ణం, శిస్తు, కైఫీయతు.

"సోమారానికల్లా పట్టికలో పడాలమ్మా"
అన్నారు డిప్యూటీగారు,
టీ గ్లాసు సరిగ్గా నా కీబోర్డు అంచున పెట్టి.

పదకొండు లైన్ల స్క్రిప్టు రాశాను.
తెరువు. చదువు. గీత దగ్గర విడగొట్టు.
అటూ ఇటూ వేలాడే ఖాళీలు కత్తిరించు.
విస్తీర్ణాన్ని అంకెగా మార్చు.
కొబ్బరికాయ వలిచినట్టే,
మొదటి పోటు సరిగ్గా పడితే
డొక్క దానంతటదే ఊడొస్తుంది.

ఊడొచ్చింది కూడా,
మూడువేల నూట పదిహేడు దాకా.
గెడ్డం సూరన్న, యాళ్ల పోశమ్మ,
చిక్కం వీరవెంకటస
(ఆ రోజుల్లో పేరుకి అంతే జాగా ఇచ్చార్ట,
మిగతా ఆయన ఎక్కడున్నాడో).
తర్వాత తెరమీద ఎర్రగా ఒక వాక్యం.
ఇది అంకె కాదు, అంది మెషిను.

3118|నేలపూడి మంగాయమ్మ|తాడిలంక||4-20|కోత

రెండు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుని,
మధ్యలో ఎకరాలుండాల్సిన చోట
గాలి కూడా దూరదు.

ఒక్క షరతు చాలు: ఖాళీ అయితే సున్నా.
అప్పటికే టైపు చేసేశాను.
ఎంటరు మీద వేలు ఆగింది.
సున్నా అంటే ఎవరో వెళ్లి కొలిచారు, ఏమీ రాలేదు.
ఖాళీ అంటే?
గొలుసు పట్టుకెళ్లినవాడు
గట్టుమీదే నిలబడిపోయాడేమో.

ఇంతకీ, ఏ కోత?
మా యింట్లో కోతంటే కొడవళ్లూ కుప్పలూ,
రాత్రంతా అమ్మ గోక్కునే మోచేతులు.
ఫైల్లో తేదీకి గడి లేదు.
బీరువా తీశాను. చెదలు సగం చదివేసిన రిజిస్టరు.
దొమ్మేటి భద్రంగారి గుండ్రటి రాత, ఊదా సిరా:
కోత, శ్రావణ బహుళ పంచమి.

శ్రావణంలో వరెవడు కోస్తాడు?
ఎర్రనీళ్లొచ్చిన గోదారి కోస్తుంది.

ఎకరం నలభై సెంట్లని
పై పేజీలో ఉంది, పాత ఏడాది కింద.
అదే పేజీ అడుగున, ఏటికి ఆవలొడ్డున ఇంకెవరికో
మేట, ముప్పై సెంట్లు.
అది మాత్రం చక్కగా అంకెల్లో ఉంది.

నాలుగు రూపాయల ఇరవై పైసలు.
కోత పడ్డాక కూడా ఏటేటా కట్టింది మంగాయమ్మ.
రసీదు నెంబర్లున్నాయి, తొమ్మిది.
నీటితీరువా అందామంటే అదీ కాదు,
నీళ్లకింద ఉన్నదానికి తీరువా.

"భద్రంగారు మరిచిపోయారా ఇది?"
అటెండరు ఏసుపాదం ఫైళ్లకి తాడు కడుతూ నవ్వాడు.
"ఆయనా? టిఫిన్ బాకీ అణాలతో సహా గుర్తుండేది.
సున్నా ఏస్తే పట్టా కొట్టేత్తారు కదమ్మా.
ఏరు మళ్లీ ఇచ్చినప్పుడు
అడగడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

బయట బస్సు ఒకటి హారన్ కొట్టి కొట్టి పోయింది.
షరతు చెరిపాను.
ఖాళీ అయితే ఖాళీగానే ఉంచు.

ఈసారి చివరిదాకా నడిచింది.
ఆరువేల రెండొందల నాలుగు వరుసలు,
నలభై ఒక్క ఖాళీలు.
భద్రంగారు ఇంకా నలభైసార్లు
కలం ఎత్తి, రాయకుండా గీత గీశారన్నమాట.

"టోటలెంతొచ్చిందీ?" గుమ్మంలోంచి డిప్యూటీగారు.
చెప్పాను. నలభై ఒకటి కలవలేదని కూడా చెప్పాను.
"సున్నా పెట్టెయ్యకపోయావా, శుభ్రంగా ఉండేది."

ఏం అనలేదు.
టీ మీద మీగడ కట్టింది.
పన్నెండో లైను పక్కన,
మెషిను చదవకుండా దాటిపోయే చోట,
నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం
ఒక ముక్క రాసిపెట్టాను:

మంగాయమ్మగారిది ఇంకా తేలలేదు.